రెండు రామచంద్రపురములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



గోదావరి నీటిని నమ్ముకొని బ్రతుకు రామచంద్రపురములు రెండు కలవు. ఒకటి ద్రాక్షారామ భీమేశ్వరుని సన్నిధికి ఆమడ లోపున, పచ్చని పైరుల నడుమ నున్నది. ఈ సభ జరుగుచున్నది అచ్చటనే. రెండవది ఎగువను, శబరి వచ్చి గోదావరిలో కలియు కూనవరమునకు చేరువను, కొండల నడుమ నున్న వరరామచంద్రపురము. కచేరీ కాగితములలో దానిని వి.ఆర్.పురమని కుదించి వ్రాయుదురు. ఇరుచోట్ల దేవుడొక్కడే, నది యొక్కటే. అయినను ఒకదానికి పుష్కలముగ నీరందుటకు కట్టబడుచున్న ఆనకట్ట వలన రెండవదాని మండలములోని గ్రామములు నీట మునుగనున్నవి. మునుగబోవు వారిని ఎవరైన అడిగిరా? అడుగవలెనని శాస్త్రమేమైన యున్నదా? ఉన్నచో అది ఎట్లు అమలు జరిగినది? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

డెల్టా వాసులకు ఎగువ మన్నెముతో సంబంధము క్రొత్తది కాదు. తరతరములుగా కొండవెదురు తెప్పలై రాజమహేంద్రవరము రేవునకు దిగెను. పెండ్లిపందిళ్లలో పరచిన అడ్డాకు విస్తళ్లు, ఇండ్లలోని కొండచీపుళ్లు, కుంకుడుకాయలు, చింతపండు, ఇవి యన్నియు కోయల చేతుల మీదుగను కొండరెడ్ల చేతుల మీదుగను దిగివచ్చినవే. పల్లము నుండి ఎగువకు పోయినవి ఉప్పు, బట్ట, అప్పు. ఈ మూడింటిలో మూడవదే ఎక్కువ కాలము నిలిచినది. ఇంకొక్క సంగతి రైతులందరు ఎరిగినదే. రబీ పంటకు గోదావరిలో నీరు సన్నగిల్లినపుడు సీలేరు విద్యుత్కేంద్రముల నుండి విడిచిన నీటి కొరకు కాలువల క్రింద ఎదురుచూపులు మొదలగును. ఆ సీలేరు నీరు శబరిలో కలిసి, శబరి కూనవరము వద్ద గోదావరిలో కలిసి, ధవళేశ్వరము చేరును. అనగా దాళ్వా చేలలో పారు నీటిలో కొంత, వరరామచంద్రపురపు ముంగిట నుండి వచ్చినదే.

ఆనకట్టలను నిందించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము కాదు. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట లేనిచో ఈ సీమ ఎట్లుండెడిదో 1833 నాటి నందన కరవు కథలు విన్నవారికి చెప్పనక్కర లేదు. కాటన్ దొర పేరు సంకల్పములో చెప్పుకొను గోదావరి ప్రజలు కృతజ్ఞతను మరచువారు కారు. కాని కృతజ్ఞత యనునది ఒక్క ఇంజనీరుతో ముగియరాదు. ఎవరి నేల పోయినదో, ఎవరి యిల్లు పోయినదో వారికి గూడ అది చెందవలసియున్నది.

ఆదికవి నన్నయభట్టు రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువులో తెనిగించిన ఆదిపర్వమున ఖాండవదహనము కలదు. అగ్నిదేవునికి ఆకలి వేసినది. అర్జునునకు గాండీవము లభించినది. కృష్ణార్జునులు చెరియొక ప్రక్క నిలిచి ఒక్క ప్రాణియు వెలికి పోకుండ కాచిరి. వనమంతయు దగ్ధమైనది. మిగిలినది ఆరుగురు: తక్షకుని కుమారుడు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్‌ఙ్గక పక్షులు. ఆ మయుడే పిదప ధర్మరాజునకు సభ కట్టియిచ్చెను. అందరును ఆ సభ యొక్క సొగసునే తలచుకొందురు. వనవాసులను ముందుగ అడిగినట్లు ఆ కథలో ఎచ్చటను లేదు. తల్లి మరణమునకు పగబూనిన అశ్వసేనుడు కర్ణుని బాణమున చేరి మరల వచ్చునని మాత్రము వ్యాసుడు మరువలేదు.

ఆ పర్వమునందే ఏకలవ్యుని కథ కూడ కలదు. అది మరింత సూక్ష్మమైనది. ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలిని బలవంతముగ కోసికొనలేదు. గురుదక్షిణగ అడిగెను. నిషాదరాజ కుమారుడు నవ్వు మొగముతో ఇచ్చెను. కాగితముపై చూచినచో సంపూర్ణ సమ్మతి! అయినను ఆ కథ చదివిన ప్రతివానికి మనసు చివుక్కుమనును. ఏమనగా, అడిగినవానికిని ఇచ్చినవానికిని నడుమ అంత తారతమ్య ముండగా కాదనుటకు దారి యెక్కడిది? కాదనుటకు వీలు లేనిచోట అవుననుటకు విలువ లేదు. ఎగువ గ్రామములలో సంతకములు, వ్రేలిముద్రలు తీసికొన్న విధమును విచారించునపుడు ఈ బొటనవ్రేలి కథను జ్ఞప్తియందుంచుకొనుట మంచిది.

ఇక చరిత్రకు వత్తము. భద్రాచలము, రేఖపల్లి సీమలు నైజాము ఏలుబడిలో నుండి 1860లో ఇంగ్లీషువారికి సంక్రమించి, మధ్యపరగణాలలో చేర్చబడెను. 1874లో వానిని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చిరి. మధ్యపరగణాలలో నుండగా కోయలు స్వల్పమైన పన్ను చెల్లించి, ఇంచుమించు తమ ఇచ్చ వచ్చినట్లు పోడు కొట్టుకొనుచుండిరి. మద్రాసువారు ఆ పన్నును మూడింతలు చేసిరి. కొన్ని తావులలో పోడునే నిషేధించిరి. 1879లో రంప మన్నెమున కల్లుగీతపై ఆంక్షల చేతను, చిగురుపన్ను చేతను, పల్లపు వర్తకుల అప్పుల చేతను పితూరీ పుట్టి, కారం తమ్మన్న దొర వంటివారు తిరుగబడినపుడు, అది రేఖపల్లికి ప్రాకుటకు కారణమిదియే. ఆ రేఖపల్లియే నేటి వరరామచంద్రపురము మండలమునకు ముఖ్యస్థానము. ఆ జనులు తిరుగబడినది ప్రభుత్వమే ఉండరాదని కాదు. తమ అడవిని గూర్చిన కట్టడి తమకు తెలియకుండ, ఎన్నడు చూడని కచేరీలో మారిపోయినందుకు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము ఆ కట్టడిని మరింత బిగించెను. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై పడుటకు పూర్వరంగము ఇందులోనే కలదు. ఆ వీరగాథ ఈ జిల్లాలలో చిన్నపిల్లలకు గూడ కంఠస్థమే కనుక విస్తరింపబనిలేదు.

ఖాతా మార్పిడి ఎరిగినవారు ఈ భూమి చేతులు మారిన క్రమమును ఒకమారు చూడవలెను. 1860లో నైజాము నుండి ఇంగ్లీషువారికి. 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసునకు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు. 1956లో ఆంధ్రప్రదేశమునకు. 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మము జిల్లాకు. 2014లో రాష్ట్రవిభజన సందర్భమున, మొదట ఆర్డినెన్సు చేతను పిదప పార్లమెంటు చట్టము చేతను, మునుగనున్న మండలములు తెలంగాణకు పోకుండ ఆంధ్రప్రదేశములోనే నిలుపబడి, వరరామచంద్రపురము మరల తూర్పు గోదావరికి. 2022లో క్రొత్తగ ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు. ఒక్క ఊరిని ఇన్నిమార్లు ఒక పద్దు నుండి ఇంకొక పద్దునకు మార్చి వ్రాసిరి. ఒక్కమారైనను ఊరివారిని పిలిచి, మీ యభిప్రాయమేమని అడిగి వ్రాసిన దాఖలా కానరాదు.

2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టములో తొంబదవ సెక్షను పోలవరమునకు సంబంధించినది. అది పోలవరమును జాతీయ ప్రాజెక్టుగ ప్రకటించి, తెలంగాణ రాష్ట్రము ఈ ప్రాజెక్టునకు సమ్మతి నిచ్చినట్లే భావింపబడవలెనని శాసించినది. ఆనాటికి ఆ రాష్ట్రము ఇంకను పుట్టలేదు. మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. మౌనము వహించుటకైన మొదట ఒక ప్రాణి ఉండవలెను గదా! పుట్టబోవు రాష్ట్రము సంగతియే ఇట్లుండగా, కొండకొమ్మున నున్న కొండరెడ్డి సమ్మతి ఎంతమాత్రము లెక్కకు వచ్చియుండునో ఊహింపవచ్చును.

సమ్మతి యను మాటకు ప్రపంచ మంతటను నేడొక నిశ్చితార్థ మేర్పడినది. 2007 సెప్టెంబరు 13వ తేదీన ఐక్యరాజ్యసమితి మహాసభ ఆదిమజాతుల హక్కుల ప్రకటనను 144 ఓట్లతో ఆమోదించెను. ప్రతికూలముగ పడినవి నాలుగు ఓట్లు. భారతదేశము అనుకూలముగ ఓటు వేసినది. ఆ ప్రకటన పదియవ అధికరణము ప్రకారము ఆదిమజాతులను వారి స్వేచ్ఛాపూర్వకమును, ముందస్తుదియు, సర్వము తెలిసినదియు నగు సమ్మతి లేకుండ వారి నేల నుండి కదల్పరాదు. మూడు విశేషణములును బరువైనవే. స్వేచ్ఛ యనగా పోలీసులు చుట్టు నిలువగా చేసిన తీర్మానము చెల్లదు. ముందస్తు అనగా పునాది త్రవ్విన పిమ్మట అడుగుట అడుగుట కాదు. సర్వము తెలియుట యనగా, ఏ మట్టము వరకు నీరు వచ్చునో, ఎన్నడు వచ్చునో, తాము ఎచ్చటికి పోవలెనో, అచ్చట నేల ఎట్టిదో, తమకు అర్థమగు భాషలో విప్పి చెప్పబడవలెను. కోయభాష మాటలాడు ముదుసలికి ఇంగ్లీషు నివేదిక సారాంశము చూపించి సంతకము కోరుట కరణీకములోనైనను తప్పే.

ఇవి పరదేశపు మాటలు మాత్రమే కావు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కారాదని 1917లోనే మద్రాసు ప్రభుత్వము చట్టము చేసినది. దాని స్థానమున 1959లో ఆంధ్రప్రదేశ్ రెగ్యులేషను వచ్చినది. 1970లో జరిగిన సవరణ, అనగా ప్రజలు "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలుచునది, షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేయని ముందుగ భావింపవలెనని చెప్పినది. 1997లో సమతా కేసులో సుప్రీముకోర్టు ఇంకొక అడుగు వేసి, ప్రభుత్వము కూడ ఆ నిబంధనకు లోబడిన వ్యక్తియే యనియు, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు గనుల కౌలుకీయరాదనియు తీర్పు చెప్పెను. అనంతగిరి మండలములోని బొర్రా ప్రాంతపు గనుల వివాదము నుండి పుట్టిన ఆ తీర్పు దేశమునకంతకు మార్గదర్శకమైనది.

1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు పూర్వము గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదింపవలెనని విధించినది. సంప్రదించుట వేరు, సమ్మతి పొందుట వేరు. పెండ్లికుమార్తెను సంప్రదించితి మనుటకును, ఆమె ఒప్పుకొన్నదనుటకును గల భేదము గృహస్థులకు తెలియనిది కాదు. పైపెచ్చు రాష్ట్ర చట్టము ఆ సంప్రదింపును గ్రామసభకు గాక మండల పరిషత్తునకు అప్పగించినది. మండల పరిషత్తులో నూరు ఊళ్ల రాజకీయముండును. మునుగు ఊరిది అందులో ఒక్క గొంతుక. 2013 భూసేకరణ చట్టము నలువదియొకటవ సెక్షనులో గాని ముందస్తు సమ్మతి యను మాట స్పష్టముగ రాలేదు. అది అమలులోనికి వచ్చినది 2014 జనవరి ఒకటిన. అప్పటికే పోలవరము క్రింద అనేక భూములకు 1894 నాటి ప్రాతచట్టము ప్రకారము పరిహారము నిర్ణయింపబడియుండెను.

1940 దశకమున "రామపాదసాగర"మను పేర తలపెట్టబడిన పథకమే నేటి పోలవరము. ఇచ్చటను రాముని పేరే! పూర్తి నీటిమట్టము 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. నిలువ సామర్థ్యము 194.6 శతకోటి ఘనపుటడుగులు. ఏడు లక్షల ఎకరములకు పైగ క్రొత్త ఆయకట్టు, 960 మెగావాట్ల విద్యుత్తు, విశాఖపట్టణమునకు నీరు, కృష్ణకు మళ్లింపు. ప్రయోజనము లల్పములు కావు. మునుగునవి 2001 జనాభా లెక్కల ననుసరించి 276 గ్రామములు, 1,77,275 మంది జనము. తరువాతి లెక్కలలో కుటుంబములే లక్ష దాటినవి. వానిలో సగమునకు పైగ గిరిజన కుటుంబములు. ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముల గ్రామములును ముంపు భయములో నున్నవి. 2005లో పర్యావరణ అనుమతికై బహిరంగ విచారణ జరిపినది ఆంధ్రప్రదేశములో మాత్రమే. ఆ రెండు రాష్ట్రముల గ్రామములలో జరుపలేదు. ఆ కారణముననే 2007లో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారము అనుమతిని కొట్టివేసినది. హైకోర్టు ఆ యుత్తర్వును నిలుపుదల చేయగా పనులు సాగినవి.

లెక్కల వ్యవహారము తెలిసినవారు గమనింపవలసిన కిటుకొకటి కలదు. పరిహారము పట్టాకు ముట్టును. అడంగలులో పేరున్నవానికి ముట్టును. పోడుభూమి అడంగలులో ఎట్లుండును? రక్షితారణ్యమనియో పోరంబోకనియో ఉండును. తాత నాటిన చింతచెట్టు, ముత్తాత నాటి ఇప్పచెట్టు అడవిశాఖ ఆస్తిగ వ్రాయబడియుండును. 2006 అటవీహక్కుల చట్టము ఈ అన్యాయమును సరిదిద్దుటకే పుట్టినది. దాని పీఠికలోనే అడవిబిడ్డలకు చారిత్రకముగ జరిగిన అన్యాయమను మాట కలదు. కాని ముంపు గ్రామములలో హక్కుపత్రము ఒక చేతను, ఖాళీ చేయుమను నోటీసు రెండవ చేతను వచ్చినచో ఆ హక్కు ఎన్నాళ్లది? ఇప్పచెట్టు ఏటేట పూవు రాల్చును. పరిహారము ఒక్కమారే వచ్చును. కొండరెడ్డి ఇంట బీరువా లేదు. బ్యాంకుపుస్తకములో పడిన లక్షలు ఏ దారిన పోవునో మైదాన ప్రాంతపు బజారులకు బాగుగ తెలియును.

రెండవ కిటుకు సమోన్నతరేఖ. ఆనకట్టలో మొదటి దశయందు 41.15 మీటర్ల వరకే నీరు నిలుపుదురనియు, ఆ రేఖకు దిగువ నున్నవారిని ముందు తరలింతురనియు నిర్ణయించిరి. 2024లో కేంద్ర మంత్రివర్గము 30,436.95 కోట్ల రూపాయల సవరించిన వ్యయమును ఆమోదించినది ఆ మట్టమునకే. రేఖ ఒక ఊరి నడుమ నుండి పోవచ్చును. ఇవతలి యిల్లు ముంపు, అవతలి యిల్లు కాదు. కాగితముపై గీత చక్కగనే యుండును. నీరు కాగితము చదువదు. నదికి అడ్డముగ కాఫర్‌డ్యాము లేచినది ముందు, గ్రామములు లేచినది తరువాత. 2019లోను 2020లోను దేవీపట్నము మండలము మునిగినది. డెల్టావాసులు మ్రొక్కుబడులకు పోవు గండి పోచమ్మ గుడి కూడ నీటిలో నిలిచినది. 2022 జూలై వరదలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. వరరామచంద్రపురము, కూనవరము, చింతూరు, ఎటపాక మండలములలో జనులు కొండలెక్కి, టార్పాలినుల క్రింద దినములు గడపిరి. రేఖకు ఎగువ నున్నవని వ్రాసిన ఇండ్లలోనికి గూడ నీరు వచ్చినది. తమను ముంపు జాబితాలో చేర్చుడని ఆ గ్రామములవారే పిదప అర్జీలు పెట్టుకొనిరి. మొదట అడిగియున్నచో, 1986 వరద తమ ఊరిలో ఏ చెట్టు మొదలు వరకు వచ్చినదో ఆ ముదుసళ్లే చూపియుండెడివారు. సమ్మతి యడుగుట మర్యాద కొరకు మాత్రమే కాదు. అడిగినచో తప్పులు ముందే బయటపడును.

వాతావరణము మారుచున్నది, లోకము వేడెక్కుచున్నది, బొగ్గు తగ్గవలెను, నీటివిద్యుత్తు పెరుగవలెను అని నేడు అన్ని రాజ్యములును చెప్పుచున్నవి. నిజమే. ఉప్పెనలకు మొదట గురియగునది సముద్రతీరపు డెల్టాయే. కాని ఆ పుణ్యకార్యమునకు స్థలము వెదకునపుడు చూపు మరల మన్నెము మీదనే పడుచున్నది. పగలు నీటిని పైకెత్తి రాత్రి జారవిడిచి విద్యుత్తు తీయు నిలువ పథకములకు ఈ మధ్య ఏజెన్సీ కొండలను ఎన్నుకొనగా, గ్రామసభలను అడుగలేదని గిరిజనులు నిరసన తెలిపిరి. లోకములో పొగ విడిచినవారు ఒకరు, దాని ప్రాయశ్చిత్తమునకు ఇల్లు విడువవలసినవారు వేరొకరు. 2009లో కేంద్ర పర్యావరణశాఖ అడవిభూమిని ఇతర ప్రయోజనములకు మార్చుటకు పూర్వము గ్రామసభ సమ్మతి పత్రము జతపరుపవలెనని ఉత్తర్వు చేసినది. 2022లో వచ్చిన నిబంధనలలో కేంద్రము ముందుగ అనుమతి నీయవచ్చును, హక్కుల విచారణ రాష్ట్రము తరువాత చూచుకొనవచ్చును. ఇది మూడుముళ్లు పడిన తరువాత ముహూర్తము అడుగుట వంటిది.

అడుగుట అసాధ్యమనువారికి నియమగిరి సమాధానము చెప్పును. ఒరిస్సాలో డోంగ్రియా కోందులు దైవముగ కొలుచు కొండపై బాక్సైటు త్రవ్వదలచినపుడు సుప్రీముకోర్టు 2013 ఏప్రిలు 18న గ్రామసభలను అడుగుడని తీర్పు చెప్పినది. రాయగడ, కలహండి జిల్లాలలోని పండ్రెండు గ్రామములలో, జిల్లా జడ్జీ స్థాయి అధికారి సమక్షమున, ఆ యేడు జూలై, ఆగస్టు నెలలలో సభలు జరిగినవి. పండ్రెండును వలదనినవి. మరుసటి సంవత్సరము కేంద్రము అనుమతిని నిరాకరించినది. కొన్ని నెలలలోనే పూర్తియైన పని!

పోలవరమును నియమగిరితో పోల్చి, అడిగియున్నచో ఇచ్చటను వలదనియే అనియుందురనుట తొందరపాటు. కొందరు అవుననియు అనియుండవచ్చును. మట్టము తగ్గించుడనియో, భూమికి భూమి అడవి అంచుననే ఇండనియో, ఊరినంతను ఒకేచోట నిలుపుడనియో, మొదట ఇండ్లు తరువాత గట్టు అనియో కోరియుండవచ్చును. అట్టి బేరమునకు చోటు కల్పించుటయే సమ్మతి యొక్క ప్రయోజనము.

ఇంకను కాలము పూర్తిగ మించిపోలేదు. 41.15 నుండి 45.72 మీటర్ల నడుమ నున్న గ్రామములు ఇంకను తరలవలసియున్నవి. వానికి 2013 చట్టము వర్తించుచున్నది. గ్రామసభ జరుగవలసిన రచ్చబండలు అచ్చట ఇంకను నీట మునుగలేదు. ఈ గ్రంథాలయ కార్యవర్గమునకు ఒక మనవి. పెసా చట్టము, అటవీహక్కుల చట్టము, భూసేకరణ చట్టము, సమతా తీర్పు, వీని తెలుగు ప్రతులను సంపాదించి, భారతము ప్రక్కనే ఒక అరలో నుంచవలెను. ముంపు గ్రామముల పట్టికను అచ్చువేయించి, కాలువ నీటి విడుదల తేదీలు అంటించు గోడపైననే అంటింపవలెను. వరరామచంద్రపురము నుండి తరలివచ్చి, గోకవరము వైపు కాలనీలలో గాని మరెచ్చట గాని స్థిరపడు కుటుంబముల పిల్లలు ఎపుడైన ఈ మెట్లెక్కి వచ్చినచో, చందా అడుగకుండ పుస్తకము ఇచ్చుటకు తీర్మానము కూడ ఈ సంవత్సరమే చేసినచో బాగుండును.